ముగ్గురు ఆరోగ్యవంతులు

ఫిబ్రవరి 3, మంగళవారం

గొడుగు దగ్గర్నుంచి నాలుగు నెలల్లో మూడో ఉత్తరం. ఈసారి రిజిస్టర్డ్ పోస్టు. పోస్ట్‌మన్ సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. రేపు అందలేదనడానికి వీల్లేకుండా అన్నమాట. వాడు నా దగ్గర నేర్చుకున్న కొద్ది విషయాల్లో ఇదొకటి.

గొడుగు అంటే ఇన్‌స్టిట్యూట్‌కు ఇప్పటి డైరెక్టర్. ముప్పై ఆరేళ్ల కిందట నా కింద రీసెర్చ్‌కు చేరిన కొత్తలో, వాన పడితే నాకు గొడుగు పట్టి తను వెనకాల తడుస్తూ నడిచేవాడు. వాన వెలిశాక కూడా పట్టేవాడు. ఆ పేరు నేనే పెట్టానని వాడి అనుమానం. వాడి జీవితంలో రుజువైన సిద్ధాంతం అదొక్కటే.

ఉత్తరంలో నాలుగు లైన్లు. ముప్పై అయిదేళ్ల నాటి కంట్రోల్ శాంపిళ్ల పేర్ల పట్టిక నా దగ్గర ఉన్నట్టు తెలుస్తోందట. నైతిక నియమాల కమిటీకి అందజేయాలట. ఎందుకో లేదు. కారణం రాయని ఉత్తరాన్ని నేను నమ్మను.

పట్టిక నా దగ్గరే ఉంది. నీలం అట్ట నోట్‌బుక్. రిటైరైన రోజు సంచిలో పెట్టుకుని తెచ్చేశాను. ఫ్రీజర్‌లో ట్యూబుల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఏ మనిషో ఆ నోట్‌బుక్ చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. నాకే సగం గుర్తు లేదు.

ఎప్పుడో మా ఆవిడ అడిగింది, జబ్బున్న వాళ్ల రక్తం సరే, జబ్బు లేని వాళ్ల రక్తం మీకెందుకండీ అని. పక్కన మంచిది పెట్టి పోల్చి చూస్తేనే చెడ్డదేదో తెలుస్తుంది, ఆ మంచిదాన్ని కంట్రోల్ అంటారు అన్నాను. అందుకేనా, మా అక్క మొగుణ్ణి చూసినప్పుడల్లా మీ సంగతి తెలుస్తుంటుంది అంది. ఆవిడ పోయి ఆరేళ్లు.

ఫిబ్రవరి 4

ఇవ్వను.

ఫిబ్రవరి 8, ఆదివారం

అమ్మాయీ అల్లుడూ వచ్చారు. అమ్మాయికి నలభై నాలుగు. స్కూల్లో లెక్కలు చెబుతుంది. పాదాలు వాచి ఉన్నాయి. చెప్పులు మార్చమన్నాను. చెప్పులు కాదు మామయ్యగారూ, కిడ్నీలు అన్నాడు అల్లుడు. రైల్వేలో టైమ్‌టేబుళ్లు వేసే మనిషి, ఏదైనా నిమిషాలతో సహా చెబుతాడు. మూత్రంలో ప్రోటీన్ పోతోందట. ఎందుకు పోతోందో తెలియదట. బయాప్సీ చెయ్యాలంటున్నారట. పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక చూద్దామని ఈవిడగారు వాయిదా వేస్తోంది. ఆలస్యమైతే డయాలసిస్ దాకా పోవచ్చని డాక్టరు అన్నాడట. ఈ మాట అల్లుడు ఆమె వంటగదిలో ఉన్నప్పుడు చెప్పాడు.

పోయిన వారం మళ్లీ జ్వరం, కడుపునొప్పి. రెండు రోజులుండి పోయిందట. అది నా చుట్టంలే నాన్నా, చెప్పకుండా వస్తుంది, మర్యాద చెయ్యకపోతే పోతుంది అని నవ్వింది. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. పరీక్ష అంటే జ్వరం. ఇంటికి పదిమంది వస్తున్నారంటే జ్వరం. పన్నెండో ఏట అపెండిక్స్ కూడా తీయించారు. అది నిక్షేపంలా ఉందన్నాడు సర్జను. తల్లి గారాబం.

కిడ్నీ సంగతి వేరు. అది నిజమైన జబ్బులాగే ఉంది. ఇంకో డాక్టరుకు చూపించమన్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

ఫ్రీజరమ్మ ఫోన్ చేసింది. ముప్పై ఏళ్లుగా ఇన్‌స్టిట్యూట్ ఫ్రీజర్లన్నీ ఆమె చేతిలోనే. కరెంటు పోతే మొగుణ్ణి వదిలేసి పరిగెత్తుకొచ్చే మనిషి. సారూ, మీకో మాట, నా పేరు బయటికి రాకూడదు అంది. వస్తే నన్ను మైనస్ ఎనభైలో పెట్టి మూత వేస్తారు అంది.

సంగతి ఇది. నా పాత శాంపిళ్లన్నిటినీ కొత్త మెషీన్లో పెట్టి జన్యువులు మొదట్నుంచి చివరిదాకా చదివించారు. గొడుగు పేపర్ రాస్తున్నాడు. నా లెక్కలో కంట్రోళ్లు నలభై మంది. వాడి లెక్కలో ముప్పై ఏడు. ముగ్గుర్ని తీసేశాడు.

తీసేశాడు!

నలభై ఏళ్లు పనిచేశాను ఆ జ్వరం మీద. ఏ క్రిమీ లేకుండా ఒంట్లో మంట పుడుతుంది. కడుపులో, కీళ్లలో, ఛాతీలో వాపు. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. మళ్లీ వస్తుంది. పంతొమ్మిది కుటుంబాలు వెతికి పట్టుకున్నాను. బస్సుల్లో, లారీల్లో, ఒకసారి పెళ్లివారి వ్యానులో ఐస్‌బాక్సు ఒళ్లో పెట్టుకుని తిరిగాను. ఆ పంతొమ్మిదీ ఒకే మూలపురుషుడి సంతానమనీ, ఆ వంశం దాటి ఈ జబ్బు లేదనీ తేల్చింది నేను. పుస్తకాల్లో నా పేరుతో ఉన్న వాక్యం అదొక్కటి.

కంట్రోళ్లను తీసేయడం ఎవరి పనో నాకు తెలుసు. లెక్క కుదరకపోతే, కుదరనివ్వని వాళ్లను బయటికి గెంటుతారు. పైగా పేర్ల పట్టిక కూడా లాక్కుంటే అడిగేవాడుండడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు మా గొడుగు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఇన్‌స్టిట్యూట్ క్యాంటీన్‌కు వెళ్లాను. గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ వాడు ఎవరు కావాలి తాతా అన్నాడు. ఈ బిల్డింగు అన్నాను.

ఫ్రీజరమ్మ ట్రే కింద కాగితం పెట్టి జరిపింది. చదివి అక్కడే ఇచ్చేశాను. మూడు నంబర్లు: 29, 30, 31. తొలగించడమైనది. కారణం: కమిటీ పరిశీలనలో ఉన్నది. అంతే.

ఇంతలో గొడుగే వచ్చాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. సార్, మీరు రావడమే మాకు సంతోషం, ఉత్తరాలు అందాయా అన్నాడు. చత్వారం, చదవలేకపోయాను అన్నాను. చదివి వినిపించమంటారా అన్నాడు. నీ గొంతుకు నా చెవులు కూడా ఇప్పుడు సహకరించవు అన్నాను. పక్క టేబుల్ కుర్రకారు ప్లేట్లలోకి చూసుకున్నారు.

వెళ్తూ వెళ్తూ ఆగి, అమ్మాయి బాగుందా సార్ అన్నాడు.

ఎందుకడిగాడు? ముప్పై ఆరేళ్లలో వాడు నా ఇంటి సంగతి అడిగింది లేదు. బెదిరింపా? ఫ్రీజరమ్మ ఏమైనా వాగిందా? ఆమె ఎటువైపో కూడా ఆలోచించాలి. ఎప్పుడూ ఎవరికీ ఏ కాగితమూ చూపించని మనిషి నాకెందుకు చూపించింది?

ఫిబ్రవరి 17

జర్నల్ ఎడిటర్‌కు ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. నాలుగు పేజీలయింది. చాలా ఏళ్ల తర్వాత కడుపునిండా భోజనం చేశాను.

ఫిబ్రవరి 18, బుధవారం, ఉదయం 10

ఫిర్యాదులో ఆ ముగ్గురూ ఎవరో రాస్తే బలం. నోట్‌బుక్ తీశాను.

29: నేను.
30: ఆవిడ.
31: అమ్మాయి.

ఇప్పుడు గుర్తొస్తోంది. ఫండింగ్ రిపోర్టుకు గడువు వారం ఉంది. నలభై మంది అన్నాం, ముప్పై ఏడుగురే దొరికారు. ఇంట్లోవాళ్లను తీసుకెళ్లాను. అప్పట్లో అందరూ అదే చేసేవాళ్లు. స్టాఫ్ చేతులు చాపేవాళ్లు, వాళ్ల పెళ్లాలు చాపేవాళ్లు.

అంటే వాడు నా రక్తం పారేశాడు! నా లెక్క చెడగొట్టడం చాలక నన్నే తీసేశాడు. అయిదో పేజీ మొదలు.

అదే రోజు, సాయంత్రం 4

అయిదో పేజీ ఆగిపోయింది.

కంట్రోళ్లు ఒకరికొకరు ఏమీ కాకూడదు. మెషీన్ చదివితే ఎవరు ఎవరి బిడ్డో దాచడం కుదరదు. 31 బయటపడింది, 29కీ 30కీ పుట్టిందని. సరే. అలా అయితే బిడ్డను తీసేస్తారు. తల్లీ తండ్రీ ఉంటారు, వాళ్లిద్దరూ ఒకరికొకరు పరాయివాళ్లే కనక. ఆ రూలు రాసింది నేనే. ముగ్గుర్నీ ఎందుకు తీశాడు?

ఇంకోటి. కమిటీ పేర్లు అడగదు. నంబర్లు నంబర్లుగానే ఉండాలన్నది కమిటీ మొదటి సూత్రం. ఒక్క సందర్భంలో మాత్రం అడుగుతుంది. ఆ నంబరు మనిషికి జబ్బుండి, దానికి మందుంటే. కారణం కూడా ఉత్తరంలో రాయకూడదు. రాస్తే అది చదివిన ప్రతివాడికీ తెలిసిపోతుంది.

ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ చెడ్డది రావాలి. ఒక్కటే ఉన్నవాళ్లు దున్నపోతుల్లా ఉంటారు. నాలాగా, ఆవిడలాగా.

వచ్చేది, రెండు రోజులుండేది, పోయేది. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ మంట తాలూకు ప్రోటీన్ ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుంది. ముందు కిడ్నీల్లో. నేనే రాశాను. మూడో అధ్యాయం.

ఫిబ్రవరి 19

ఆవిడ ఒకసారి అంది. అమ్మాయికి పదేళ్లు అప్పుడు. నేను ఊళ్లు తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. ఏమండీ, ఇది మీ జ్వరమేనేమో చూడరాదూ అంది. నవ్వాను. నీది ఆ వంశమా, నాది ఆ వంశమా, ఏం మాటలవి అన్నాను. ఇంకెప్పుడూ అనలేదు.

ఫిబ్రవరి 20

ఆ ఏటి డైరీ తీశాను. రక్తం తీసింది శుక్రవారం. మంగళవారం పేజీలో నా రాత: అమ్మాయి ఒళ్లు కాలుతోంది, తగ్గాక శుక్రవారం తీసుకెళ్లాలి, జ్వరంలో తీస్తే శాంపిల్ పాడు.

ఆరోగ్య పత్రం కాపీ నోట్‌బుక్ వెనక పిన్ను చేసి ఉంది. అదీ నా రాతే. ఆడ. తొమ్మిదేళ్లు. తరచూ జ్వరాలు: లేవు.

మతిమరుపు అని రాసుకోవాలనుంది. కాదు. నాకు నలభై కావాలి.

ఫిబ్రవరి 21, శనివారం

నోట్‌బుక్ ఇస్తే ఏమవుతుందో తెలుసు. ఒకరికొకరు సంబంధం లేని నలభై మంది ఆరోగ్యవంతులు అన్న నా వాక్యం అబద్ధమని తేలుతుంది. ఆ వంశం దాటి జబ్బు లేదన్నది నా ఇంట్లోనే తప్పని తేలుతుంది. గొడుగు నా తల మీద గొడుగు మూస్తాడు.

అందుకని అడ్డదారి. అల్లుడికి ఫోన్ చేసి, డాక్టరుతో ఫలానా జ్వరమేమో చూడమని చెప్పు, నా పేరు ఎత్తకు అన్నాను. మధ్యాహ్నం 2.10కి తిరిగి చేశాడు. ఆ టెస్టు ఇక్కడ చెయ్యరు, బయటికి పంపితే రెండున్నర నెలలు, ఒక రిపోర్టేదైనా చేతిలో ఉంటే రేపే మందు మొదలుపెడతానని డాక్టరు అన్నాడట. రెండున్నర నెలలు ఆగొచ్చా అని అడిగాను. మామయ్యగారూ, ఈ నెల ఒక్క నెలలోనే ప్రోటీన్ రెట్టింపయింది అన్నాడు. తర్వాత, మీకు ఈ జ్వరమే అని ఎందుకనిపించింది అన్నాడు. ఊరికే అన్నాను.

ఊరికే.

ఫిబ్రవరి 24, మంగళవారం

వెళ్లాను. గొడుగు గది ఒకప్పటి నా గదే. కుర్చీ మార్చాడు, కిటికీ మార్చలేకపోయాడు. నోట్‌బుక్ పేజీ తెరిచి టేబుల్ మీద పెట్టాను. చూడలేదు. లేచి వెళ్లి తలుపేసి వచ్చి కూర్చున్నాడు.

నీకు తెలుసు అన్నాను.

తెలియదు సార్, అనుమానం ఉంది అన్నాడు. ఆ రోజు పాప గింజుకుంటుంటే చెయ్యి పట్టుకున్నది నేనే. కానీ ఆ వారంలో ఇంకో నలుగురు పిల్లల చేతులు పట్టుకున్నాను. అనుమానం మీద ఒక మనిషికి జబ్బుందని చెప్పకూడదు, చెబితే నీ సర్టిఫికెట్లు చింపుతానని మీరే అన్నారు సార్.

నాలుగు నెలలు కూర్చున్నావు, ఒక్క ముక్క చెబితే ఏం పోయేది అన్నాను. గొంతు పెరిగింది.

మూడు ఉత్తరాలు రాశాను. ఫోన్ చేస్తే పెట్టేశారు. రెండుసార్లు ఇంటికొచ్చాను. రెండోసారి మీరు కిటికీ దగ్గర కూర్చుని, నేను ఇంట్లో లేను అని మీరే కేకేశారు సార్ అన్నాడు.

నిజమే. కేకేశాను. ఆ రోజు డైరీలో దాన్ని విజయంగా రాసుకున్నాను.

వాడికి ఇందులో సంతోషం లేదని మాత్రం నమ్మను. కనుబొమలు పైకి వెళ్లకుండా జాగ్రత్త పడుతున్నాడు. నేనైతే అంత జాగ్రత్త పడేవాణ్ణి కాదు.

పేపర్లో ఫుట్‌నోట్ వెయ్యక తప్పదు సార్ అన్నాడు. వెయ్యి అన్నాను. ఎలా రాయమంటారు అన్నాడు. నీ వాక్యానికి తలా తోకా ఉండవు, ఇలా ఇయ్యి అని కాగితం లాక్కుని నేనే రాశాను. ఎవరు, ఎప్పుడు, ఎందుకు. పరిస్థితుల వల్ల అనే మాట ఒకసారి రాసి కొట్టేశాను. వాడు చదివి, ఒక కామా తీసేసి, సంతకం పెట్టించుకున్నాడు.

రిపోర్టు సాయంత్రానికల్లా అమ్మాయి డాక్టరుకు పంపాడు. లిఫ్ట్ దాకా వచ్చాడు. బయట వాన లేదు.

ఫిబ్రవరి 26, గురువారం

అమ్మాయికి చెప్పాను. అన్నీ. నంబరు, ఫారం, మంగళవారం జ్వరం, శుక్రవారం సూది, వాళ్లమ్మ అడిగిన మాట.

దిద్దుతున్న పేపర్ల మీద ఎర్ర పెన్ను మూత పెట్టకుండా వదిలేసింది. మరక పెద్దదవుతుంటే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. అయితే నేను నటించలేదన్నమాట అంది.

లేదు అన్నాను.

మళ్లీ చెప్పు నాన్నా అంది. నువ్వు నటించలేదు అన్నాను. అల్లుణ్ణి లోపల్నుంచి పిలిచింది. ఇదిగో, మీరు కూడా వినండి, మళ్లీ చెప్పు నాన్నా అంది. మూడోసారి చెప్పాను. అల్లుడు గోడ గడియారం వైపు చూశాడు, అలవాటు.

పదో క్లాసు పరీక్షప్పుడు నన్ను దుప్పటి లాగి లేపావు, గుర్తుందా అంది. లేదన్నాను. నాకుంది అంది. ఆ లెక్కల పేపర్ నూట రెండు జ్వరంతో రాశాను, తొంభై ఒకటి వచ్చాయి, మిగతా తొమ్మిదీ ఎక్కడ పోయాయని అడిగావు.

పెన్నుకు మూత పెట్టి, ఇక వెళ్లు నాన్నా అంది. ఆటో పిలుస్తానన్నాడు అల్లుడు. నడిచి వచ్చాను.

మార్చి 1

ఫోన్ లేదు.

మార్చి 6

లేదు.

మార్చి 15, ఆదివారం

అల్లుడు ఒక్కడే వచ్చాడు. బయాప్సీ అయింది. పేరుకోవడం మొదలైంది. మాత్రలు వేసుకుంటోంది, మానకుండా వేసుకోవాలి, జీవితాంతం. పాడైంది తిరిగి రాకపోవచ్చు, మిగిలింది నిలబడొచ్చు. ఎంత మిగిలిందని అడిగాను. ఇంకా చెప్పలేమంటున్నారు మామయ్యగారూ అన్నాడు. ఆ మనిషి నోట్లోంచి అంకె లేని జవాబు రావడం ఇదే మొదటిసారి.

డాక్టరుకు పాత చరిత్ర కావాలట. ఎన్నో ఏట మొదలయింది, ఎన్నాళ్లకోసారి వచ్చింది, ఎంతసేపుంది. మోతాదు నిర్ణయించడానికి. అమ్మాయికి గుర్తు లేదు. తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే, ఆవిడ లేదు.

వెళ్లబోతూ అమ్మాయి మాట చెప్పాడు. నాన్నకు రాసే జబ్బుంది కదా, ఆయన పుస్తకాల్లో చూడమనండి అందట. ఉన్నది ఉన్నట్టు రాసి పంపమనండి, సరిదిద్దొద్దనండి అందట.

మార్చి 22, ఆదివారం

నలభై నాలుగు డైరీలు. వారం పట్టింది. కళ్లు పోయాయి.

జ్వరం అనే మాట చాలా తక్కువ. నా శత్రువుల మధ్య వెతికి తీయాల్సి వచ్చింది.

అమ్మాయి నాటకం. సెమినార్‌కు ఆలస్యం.

స్కూలు వార్షికోత్సవం రోజున మళ్లీ. ఆవిడ ఏడుపు. నేను ల్యాబ్‌కు.

పదకొండో కుటుంబంలో పిల్లకు జ్వరం వచ్చిందని కబురు. అద్భుతం. వెంటనే బయల్దేరాలి. ఇంట్లోనూ ఒకటి పడుకుంది, వదిలేసి వచ్చాను.

అపెండిక్స్ తీశారు. అనవసరం. రోజంతా వృథా.

పెళ్లికి ముందు రోజు మొదలుపెట్టింది. పరువు తీస్తుందా ఏమిటి.

మొత్తం నూట నలభై మూడు. మొదటిది నాలుగో ఏట. పెళ్లి దాకా సగటున ఎనిమిది వారాలకోసారి. పెళ్లయ్యాక నాకు తెలిసినవి మాత్రమే, కాబట్టి ఆ భాగం నమ్మదగ్గది కాదని కింద రాశాను. ఒక్క మనిషి మీద, ఒక్క చేత్తో, మొదటి నుంచి రాసిన రికార్డు ఇంత పొడుగుది ఆ పంతొమ్మిది కుటుంబాల్లో ఒక్కదానికీ లేదు. రోగిని తిడుతూ పోగుచేశాను.

తేదీలు చాలు డాక్టరుకు. కానీ సరిదిద్దొద్దంది. అన్నీ ఎత్తి రాశాను, నాటకంతో సహా, వృథాతో సహా, పరువుతో సహా. పదహారు పేజీలు. పోస్టులో వేశాను. రిజిస్టర్డ్.

మార్చి 27

అందిందట. సంతకం ఆమెదే. ఇంకేమీ అనలేదట.

ఏప్రిల్ 2, గురువారం

144. ఫోన్ ఆమే చేసింది. ఉదయం 6.40కి మొదలు. జ్వరం 101. ముందు పొట్టకు ఎడమవైపు, గంట తర్వాత పొట్టంతా. పడుకుంటే ఎక్కువ, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే కొంచెం నయం. వెలుతురు పడటం లేదు. మాత్ర మానలేదు. రాస్తున్నావా అంది. రాస్తున్నాను అన్నాను. ఏం రాశావో చదువు అంది. చదివాను. కొంచెం నయం కాదు, చాలా కొంచెం అంది.

చాలా కొంచెం నయం.